ముప్పై నాలుగు అంగుళాల వేసవి

ఆ మెయిల్ వచ్చినప్పుడు మా ఆయన ముఖం సగం సబ్బు నురగలో ఉంది. గడ్డం గీసుకుంటుంటే ఫోను టింగుమంది. రేజరు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని చదివి, "ఏయ్, ఒకసారి ఇలా రా" అని కేకేశాడు. నేను వెళ్లేలోపే తనే పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. ఆ నురగలో సగం నా చెంపకి అంటుకుంది. పెళ్లయి అప్పటికి నలభై ఒక్క రోజులు. నేనింకా రోజుల్లోనే లెక్కపెడుతున్నాను.

"కంపెనీ మానిటర్ కొనిపెడుతుందట! ఇంటి నుంచి పనిచేసేవాళ్లందరికీ. సైజు మన ఇష్టం, ముప్పై నాలుగు అంగుళాల దాకా. ఆరు వారాల్లోగా ఏది కావాలో చెప్పాలి, అంతే!"

తను సినిమాలకి సబ్‌టైటిళ్లు రాస్తాడు. ఎవరో ఏ భాషలోనో ఏడుస్తుంటే, ఆ ఏడుపు సరిగ్గా ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ఆగిందో చూసి కింద మన భాషలో పెట్టడం తన ఉద్యోగం. ఆ పనంతా పాత లాప్‌టాప్ మీద. దాని తెర ఎంత చిన్నదంటే మావయ్య దానికి అగ్గిపెట్టె అని పేరు పెట్టారు. పగలు అందులో మా ఆయన పని, సాయంత్రం నా ఆట, భోజనాలయ్యాక ఇద్దరి సినిమా. ఒకే దిండు మీద రెండు తలలు, పొట్ట మీద అగ్గిపెట్టె. ఆ ఇరుకు నాకేమీ బాధగా లేదు. అయినా పెద్ద తెర అనగానే కాళ్లు నేల మీద ఆనలేదు.

"ఏమిటర్రా ఆ గంతులు?" అంది అత్తయ్య కుట్టు మిషను మీంచి తలెత్తకుండా.

"పెద్ద మానిటర్ వస్తోందత్తయ్యా!"

"ఎవరి క్లాసుకి?" అన్నారు మావయ్య. ఆయనకి మానిటరంటే క్లాసులో అల్లరి పిల్లల పేర్లు బోర్డు మీద రాసే పిల్ల. ముప్పై ఒక్క ఏళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నారు మరి. అప్పుడు స్కూళ్లకి సెలవులిచ్చి నాలుగు రోజులైంది. బస్సు షెడ్డులో ఉంది, మావయ్య ఇంట్లో ఉన్నారు, ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచడం లేదు.

ఆయనకి ఆట నేర్పింది నేనే. ఒక ఊళ్లో కార్లు నడిపే ఆట అది. సాయంత్రం ఆఫీసు నుంచి, అంటే బిల్డింగుల ప్లాన్లు గీసే మా ఆఫీసు నుంచి, నేను వచ్చేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అగ్గిపెట్టె ముందు నిటారుగా కూర్చుని ఉండేవారు. డ్యూటీ ఎక్కే మనిషిలాగే.

"మావయ్యా, స్పీడు పెంచండి. అందరూ వెళ్లిపోతున్నారు."

"పోనీ అమ్మా. పోయి పోయి ఎక్కడికి పోతారు, గుండ్రటి రోడ్డేగా. మళ్లీ నా వెనక్కే రావాలి."

"అది పందెం మావయ్యా!"

"ఇండికేటర్ ఏ బటను?"

"ఇందులో ఇండికేటర్ ఉండదు."

"ఉండకపోతే వెనకాలవాడికి ఎలా తెలుస్తుంది?" అని, ప్రతి మలుపులోనూ గట్టిగా, "కుడివైపు తిరుగుతున్నానండీ" అని చెప్పి మరీ తిరిగేవారు.

"తిరగండి, ఎవరొద్దన్నారు!" అనేది అత్తయ్య పక్కగదిలోంచి.

ఎప్పుడూ ఆఖర్నే వచ్చేవారు. ఆఖర్న వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిప్పి చూపించమనేవారు. "చూశావా, ఎక్కడా గీత లేదు" అని నా వంక చూసే ఆ చూపు కోసం నేను రోజూ నా వంతు ఆట వదులుకునేదాన్ని.

మానిటర్ ఎంత పెద్దది కావాలన్నది తేల్చే పని అత్తయ్య చేతిలోకి ఎలా వెళ్లిందో నాకే తెలీదు. ఆమె చొక్కాలు, కోట్లు కుడుతుంది. ముందు గోధుమరంగు కాగితం మీద కొలత గీసి, కత్తిరించి, మనిషికి ఆనించి చూస్తే గాని బట్టకి కత్తెర తగలనివ్వదు. ఒకరోజు మేమిద్దరం బయటి నుంచి వచ్చేసరికి ముందు గదిలో, బల్లకి ఎగువన, గోడ మీద పేద్ద కాగితం. నాలుగు మూలలా రంగు తలల గుండుసూదులు. కాగితం కుడి అంచు కిటికీ రెక్క మీదికి పోయింది.

"ముప్పై నాలుగు పట్టదు" అంది అత్తయ్య తీర్పు చెబుతున్నట్టు. "బల్లకి అటు బీరువా, ఇటు కిటికీ. మధ్యలో ముప్పై మూడే ఉంది. అది పెడితే ఇక కిటికీ తియ్యలేం. కంపెనీ వాళ్లకి రాసెయ్, మాకు ఊపిరాడదు అని."

మా ఆయనా నేనూ ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అంతే, నవ్వు ఆగలేదు.

"అమ్మా, అది అడ్డం కొలత కాదే. ఆ మూల నుంచి ఈ మూలకి, ఐమూలగా కొలుస్తారు."

అత్తయ్య మెడలో టేపు తీసి కాగితం మీద ఐమూలగా పెట్టి చూసింది.

"ఎవడ్రా అలా కొలిచింది?"

"అందరూ అంతే."

"ఛాతీ ఎంతండీ అంటే, కుడి భుజం నుంచి ఎడమ నడుం దాకా ఇంత అని చెబితే నేను చొక్కా కుట్టగలనా? పెద్దగా కనిపించాలని వేసిన ఎత్తు అది. నాకు అడ్డం చెప్పు, నిలువు చెప్పు."

ఆఫీసులో చేసే పని ఇంట్లో ఎవరికైనా పనికొచ్చిన మొదటిసారి అది. లెక్కగట్టి రాసిచ్చాను. ఇరవై ఏడుది, ముప్పై రెండుది మామూలు ఆకారం. ముప్పై నాలుగుది మాత్రం సన్నగా పొడవు, అడ్డం ముప్పై ఒకటిన్నర, నిలువు పదమూడు. అత్తయ్య మూడు కాగితాలు కత్తిరించింది. కిటికీ తెరుచుకుంది. మా ఇంట్లో మూడు మానిటర్లు వచ్చినట్టయింది, మూడూ కాగితానివే.

ఇక చూడండి తమాషా. ఒక్కొక్క కాగితాన్నీ నాలుగు రోజుల చొప్పున గోడకి గుచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఏమీ లేని గోధుమరంగు కాగితాన్ని అందరం వంతులవారీగా చూశాం. చొక్కాకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా ఒక నిమిషం కూర్చుని, "బాగానే ఉంది" అని వెళ్లేవాళ్లు.

మా ఆయనకి ముప్పై నాలుగే కావాలి. సినిమా అంత పొడుగ్గానే తీస్తారట. మామూలు తెర మీద వేస్తే పైనా కిందా నల్లపట్టీలు పడతాయట. "ఇన్నేళ్లుగా ఆ పట్టీల మధ్యలోంచే చూస్తున్నా, తలుపు సందులోంచి చూసినట్టు" అన్నాడు.

నాకు ఇరవై ఏడైనా పర్వాలేదు, వేగం కావాలి. "సెకనుకి నూట నలభై నాలుగు బొమ్మలైనా మారాలి. లేకపోతే మలుపులో రోడ్డు అలికినట్టు కనిపిస్తుంది."

"సెకనుకి నూట నలభై నాలుగా? ఎవరు లెక్కపెడతారే?" అంది అత్తయ్య.

"నేను."

"పిల్ల గట్టిదిరా" అంది కొడుకుతో.

ఆ గొడవ మా కాపురంలో మొదటి గొడవ. ఎంత బాగుందో! అలిగి అటు తిరిగి పడుకోవడం, అయిదు నిమిషాలకి "నలుపు మరీ నల్లగా ఉండాలంటే ఏ రకం కొనాలో తెలుసా?" అని తను గొణగడం, తెలియకపోయినా నేను "తెలుసు" అనడం.

మావయ్య ఓటు మాత్రం మొదటి రోజు నుంచీ ఇరవై ఏడుకే. పెద్ద కాగితం గుచ్చిన రోజుల్లో ఆయన కుర్చీ కొంచెం కొంచెంగా వెనక్కి జరిగేది. బల్ల దగ్గర్నుంచి గది మధ్యకి, గది మధ్య నుంచి గుమ్మంలోకి.

"ఇక్కణ్నించి బాగుంది" అనేవారు.

"ఇంకాస్త జరిగారంటే వీధిలో కూర్చుని చూడొచ్చు" అనేది అత్తయ్య.

"చిన్నదే మేలురా. అంతా ఒక్కచోట ఉంటుంది."

"నాన్నా, మన జేబులోంచి పోయేదేం లేదు. కంపెనీది" అని మా ఆయన నచ్చజెప్పేవాడు. ఉన్నదాంట్లో సర్దుకోవడం ఆయన అలవాటని అందరం అనుకున్నాం. నేనూ అదే అనుకున్నాను.

స్కూళ్లు తెరవడానికి పన్నెండు రోజులుందనగా నలుగురం దుకాణానికి వెళ్లాం. అక్కడ మానిటర్లు అమ్మేది యాభై దాటిన ఒక కళ్లద్దాలావిడ. చేతులు కట్టుకుని నిలబడి, మా నలుగుర్నీ కాస్త జాలిగా చూసింది.

"ఏం చూస్తారు, ఏం ఆడతారు, ఎంత దూరంలో కూర్చుంటారు. ఈ మూడూ చెప్పండి. సైజు నేను చెబుతా."

"సినిమాలు" అన్నాడు మా ఆయన.

"కార్లాట" అన్నాను నేను.

"గుమ్మంలో" అంది అత్తయ్య.

ఆవిడ నవ్వకుండా ఆ వరసలో లైట్లు ఆర్పేసింది. ముప్పై నాలుగు అంగుళాల తెర, మధ్యలో లోపలికి వంగి, మమ్మల్ని దగ్గరికి తీసుకుంటున్నట్టు ఉంది. ఏదో సినిమాలో చీకటి సముద్రం. పైనా కిందా పట్టీ లేదు. నీళ్ల నలుపు వేరు, ఆకాశం నలుపు వేరు. మా ఆయన నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. అటూ ఇటూ జనం ఉన్నారని తనకి గుర్తున్నట్టు లేదు. "సెకనుకి నూట అరవై అయిదు" అందావిడ నా వైపు తిరిగి. గొడవ అక్కడితో తీరిపోయింది. మొదటి గొడవ అంత తొందరగా అయిపోయినందుకు కొంచెం బెంగగా కూడా అనిపించింది.

"మావయ్యా, మీరు నడిపి చూడండి" అన్నాను. ఆవిడ కార్లాట పెట్టింది. మావయ్య చొక్కా సర్దుకుని కూర్చున్నారు. ఊరి రోడ్డు, ఎండ, చెట్లు. నిదానంగా, ఎప్పటిలాగే వెళ్తున్నారు. ఒక కూడలి వచ్చింది. ఎడమవైపు నుంచి పసుప్పచ్చ కారు వస్తోంది. చాలా దూరం నుంచే వస్తోంది. నేను చూశాను, అత్తయ్య చూసింది, ఆ కళ్లద్దాలావిడ "అదుగో" అంది కూడా.

మావయ్య వేలు కదల్లేదు. ఠపీమని గుద్దుకుంది.

"ఎక్కణ్నించి ఊడిపడిందమ్మా ఇది?" అన్నారాయన.

మళ్లీ మొదలెట్టారు. మళ్లీ అదే కూడలి, అదే పసుప్పచ్చ కారు. మళ్లీ ఠప్పు.

"నాన్నా, లైసెన్సు ఇటిచ్చెయ్" అని మా ఆయన పడిపడి నవ్వాడు. అత్తయ్య నవ్వింది. మావయ్య కూడా నవ్వారు, అందరికంటే కొంచెం ఆలస్యంగా. నేనూ నవ్వుతూనే ఆయన ఎడమ పక్కకి వెళ్లి, అక్కడున్న రంగుల కాగితం ఒకటి తీసి, "ఇది పట్టుకోండి మావయ్యా" అని చాపాను. ఆయన చెయ్యి గాలిలో తడిమింది. తర్వాత మెడ మొత్తం తిప్పి, అప్పుడు కాగితాన్ని చూసి, అందుకున్నారు.

"ఆ పక్కనున్న చిన్నదాని మీద ఒకసారి పెట్టండి" అన్నాను ఆవిడతో.

ఇరవై ఏడు అంగుళాల తెర. మావయ్య కుర్చీ కొంచెం వెనక్కి లాక్కున్నారు. అదే ఊరు, అదే కూడలి. పసుప్పచ్చ కారు కనబడగానే మెత్తగా బ్రేకు నొక్కి, దాన్ని పోనిచ్చి, "వెళ్లండి వెళ్లండి" అని, "ఎడమవైపు తిరుగుతున్నానండీ" అంటూ తిరిగారు.

"చూశారా, ఇదీ బండంటే!" అన్నారు.

మా ఆయన అప్పటికే ఆవిడతో వారంటీ సంగతులు మాట్లాడుతున్నాడు. నా నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. ఎలా తీసెయ్యాలో తెలియలేదు.

"రేపో ఎల్లుండో చెబుతాం" అని ఇంటికొచ్చేశాం.

నాలుగు రోజులు నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. అనడానికి నేనెవరు? ఆ ఇంట్లోకి వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. ఏ డబ్బాలో ఏముందో ఇంకా మూత తీసి చూసుకుంటున్నాను. అలాంటిదాన్ని, ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన మనిషితో, మీ చూపు తగ్గింది అని ఎలా అనడం? అది ఆట, ఆయన వేళ్లకి అలవాటు లేదు, అంతే, అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మర్నాడు పొద్దున్నే బడి బ్యాగు వేసుకున్న పిల్ల ఎవరో కలలోకి వచ్చినట్టు మెలకువ వచ్చేది. బడి తెరవడానికి ఎనిమిది రోజులే ఉంది.

అయిదో రోజు మావయ్య షెడ్డుకి వెళ్లారు, స్కూళ్లు తెరిచేలోపు బస్సు కడగాలని. అన్నం డబ్బా మరిచిపోయారు. నేను పట్టుకెళ్లాను. బస్సు మెరుస్తోంది. అద్దాలు, మెట్లు, సీట్ల కింద అతుక్కున్న చూయింగ్ గమ్ముతో సహా అన్నీ గీకేశారు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని డబ్బా విప్పారు. నేను వెనక సీట్లో, చిన్నపిల్లలు కూర్చునే చోట కూర్చున్నాను. మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి.

బయట ఎడమవైపు అద్దం బాగా లోపలికి తిరిగి ఉంది. రోడ్డు కాదు, బస్సు తలుపే కనిపిస్తోంది అందులో.

"ఆ అద్దం అలా ఉందేం మావయ్యా?"

ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగారు.

"అలా అయితేనే కనిపిస్తుందమ్మా."

ఆయనే చెప్పారు, ముందు అద్దంలోకి చూస్తూ, నాతో కాదు బస్సుతో చెబుతున్నట్టు.

"పోయిన చలికాలం నుంచి. ఎదరంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఏటా కంటి పరీక్షలో బోర్డు మీద అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేస్తా. పక్కన మాత్రం... చీకటేం కాదు. ఏమీ ఉండదు, అంతే. ఉండాల్సింది ఉండదు. పిల్లలు దిగేటప్పుడు మనిషినంతా తిప్పి చూస్తా. పిల్లల్ని దింపే ఆవిడ 'పోనీ' అంటేనే కదుపుతా. ఇంతవరకూ ఏం కాలేదమ్మా."

"ఏం కాలేదు మావయ్యా."

షెడ్డు బయట ఎవరో ఇనుప తలుపు లాగిన చప్పుడు. ఆయన డబ్బా మూత పెట్టారు. సగం అన్నం అలాగే ఉంది.

"దుకాణంలోనే కనిపెట్టావు కదూ. రంగుల కాగితం ఇచ్చావు చూడు, అప్పుడే అనుకున్నా. వాడికి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

"మొగుడి దగ్గర దాపరికం మంచిది కాదు, కొత్తకాపురంలో."

"నాది కాదుగా మావయ్యా చెప్పాల్సింది."

ఆయన స్టీరింగు మీద చెయ్యి వేసి, దుమ్మేమీ లేకపోయినా తుడిచారు. "కళ్ల ఆసుపత్రి ఎన్నింటికి తెరుస్తారో కనుక్కో" అన్నారు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, ఇంట్లో బజారు పని అని చెప్పి ఇద్దరం వెళ్లాం. ఆయన్ని ఒక తెల్లటి గిన్నెలాంటి దాని ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి, మధ్యలో చుక్కని మాత్రమే చూడాలి. గిన్నెలో ఎక్కడో ఒకచోట చిన్న దీపం వెలిగి ఆరిపోతుంది, కనిపిస్తే చేతిలో బటను నొక్కాలి. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను.

"అచ్చం నీ ఆటలాగే ఉందమ్మా" అన్నారు నాతో.

"మాట్లాడకూడదు తాతగారూ" అంది నర్సు.

నేను ఆయన పక్కనే నిలబడ్డాను. నాకు గిన్నెలో దీపాలు కనిపిస్తున్నాయి. దీపం వెలుగుతుంది, బటను టిక్కుమంటుంది. వెలుగుతుంది, టిక్కు. తర్వాత ఎడమ వైపు దీపాలు మొదలయ్యాయి. వెలుగుతుంది, ఆరిపోతుంది. వెలుగుతుంది, ఆరిపోతుంది. చాలాసేపు టిక్కు వినబడలేదు. ఆయన మాత్రం బటను మీద బొటనవేలు పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా, మంచి విద్యార్థిలా చూస్తూనే ఉన్నారు.

"ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అన్నారు అయిపోగానే.

డాక్టరమ్మ కాగితం చూపించింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. కాగితం మీద పక్కలు నల్లబడ్డాయి, ఎడమ వైపు మరీ ఎక్కువ. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది జాగ్రత్తగా నిలబెట్టుకోవచ్చు. రోజూ రెండు పూటలా చుక్కలు, మానకూడదు. నడిచేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు తల తిప్పి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి" అంది. తర్వాత, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"స్కూలు బస్సు నడిపేవాణ్ని" అన్నారు మావయ్య.

'నడుపుతాను' అంటారనుకున్నాను నేను.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని స్కూలు హెడ్మాస్టరుకి ఫోను చేశారు. నేను కొంచెం దూరం జరిగాను. "లేదండీ, జీతం గురించి కాదండీ", "మీరు ఎవర్ని పెట్టినా నేనొచ్చి చూపిస్తానండీ" అన్న ముక్కలే వినబడ్డాయి. ఫోను జేబులో పెట్టుకుని, "పద, ఎండెక్కుతోంది" అన్నారు. రోడ్డు దాటేటప్పుడు నా భుజం పట్టుకున్నారు. కుడివైపు ఆయన చూశారు, ఎడమవైపు నేను.

ఇంట్లో ఆయనే చెప్పారు. అందర్నీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకునే తతంగమేం లేదు. అత్తయ్య మిషను తొక్కుతుండగా, నిలబడే, నాలుగు మాటల్లో చెప్పేశారు. మిషను ఆగలేదు. ఆమె ఆ చొక్కా చెయ్యి కుట్టడం పూర్తిచేసి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"చుక్కలు నేను వేస్తా. మీ చేతికిస్తే చెవిలో పోసుకుంటారు."

"సరే."

"రెండు పూటలా."

"సరేనన్నాగా."

అంతే అందామె. కాని లేచి వచ్చి, ఆయన ఎడమ పక్కన ఉన్న స్టూలు ఎత్తి గోడవారగా పెట్టింది. అప్పటి నుంచి ఆ పక్కన దారిలో ఏదీ ఉండనివ్వలేదు.

మా ఆయనకి దుకాణంలో నవ్విన నవ్వు గుర్తొచ్చి ఉంటుంది. గోడ దగ్గరికి వెళ్లి ముప్పై నాలుగు అంగుళాల కాగితం సూదులు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నారు మావయ్య.

"ఇరవై ఏడే తెప్పిద్దాం నాన్నా. అంతా ఒక్కచోట ఉంటుంది."

"నా కంటి కొలతకి మీ సినిమా కత్తిరిస్తావా?"

"అది కాదు నాన్నా..."

"సూదులు మళ్లీ గుచ్చు. డాక్టరమ్మ తల తిప్పి తిప్పి చూడమంది. చిన్నదైతే ఎందుకు తిప్పుతాను? పెద్దదే తెప్పించు. ఆ పసుప్పచ్చ కారు సంగతి నేను తేల్చుకోవాలి."

మా ఆయన చేతిలో సూదులతో అలాగే నిలబడ్డాడు. అత్తయ్య వెళ్లి ఆ సూదులు అందుకుని, కాగితం తనే గుచ్చింది, నాలుగు మూలలా. మా ఆయన అగ్గిపెట్టె తెరిచి కంపెనీకి రాశాడు. ముప్పై నాలుగు అంగుళాలు, వంపు తెర, నూట అరవై అయిదు. పంపే ముందు నా వైపు చూశాడు. నేను మావయ్య వైపు చూశాను. ఆయన "ఊఁ" అన్నారు. తను బటను నొక్కాడు.

మూడు రోజుల తర్వాత, వాన మబ్బులు మొదటిసారి కమ్మిన సాయంత్రం, స్కూలు నుంచి మావయ్యకి ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చి ఆయన గుమ్మంలో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నారు. అప్పటికి బల్ల మీద కొత్త మానిటర్ లేదు, ఇంకో వారం పడుతుందన్నారు. గోడ మీద కాగితమే.

"కొత్త డ్రైవరు దొరికాడు. రేపు రూటంతా ఖాళీ బస్సుతో తిప్పిస్తాను. అతను నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటా. యాభై రెండు గేట్లున్నాయి. ఏ గేటు ముందు కుక్క పడుకుంటుందో, ఏ పిల్ల ఆఖరి నిమిషంలో ఒక కాలికే బూటు వేసుకుని పరిగెత్తుకొస్తుందో అతనికి తెలియాలి. మీరు ముగ్గురూ రావాలి."

"మేమెందుకు?" అంది అత్తయ్య.

"పిల్లలు కావాలిగా. ప్రతి గేటు దగ్గరా దిగాలి, ఎక్కాలి. అతను అద్దాల్లో చూసుకుని కదపడం నేను చూడాలి."

"యాభై రెండు చోట్లా? నా మోకాళ్లతోనా?"

"నువ్వు పది చోట్ల దిగు చాలు. మిగతావి వీళ్లిద్దరూ దిగుతారు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఎన్నిసార్లు దింపినా నవ్వుతూనే ఎక్కుతారు."

మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. నేను అప్పటికే నవ్వుతున్నాను.

"పొద్దున్నే ఆరున్నరకి" అన్నారు మావయ్య, ఒకసారి ఎడమవైపు తల పూర్తిగా తిప్పి మా ఇద్దర్నీ, మళ్లీ కుడివైపు తిప్పి అత్తయ్యనీ చూస్తూ. "గేటు దగ్గర రెడీగా ఉండండి. ఆలస్యమైతే బస్సు ఆగదు, ముందే చెబుతున్నా."